ఊదుమను, ఇడువుమనకు

ఆగు బిడ్డా, ఆగు, ఆ గొట్టం జెర పక్కకు పెట్టు. ముక్కుకు క్లిప్పు పెడితివి, ఊపిరి కొలిచే మిషన్ ముంగట కూసోబెడితివి, అంతా బాగనే ఉన్నది. ఇగ మీదికెళ్లి "ఊపిరి వదలండి తాతా, మొత్తం వదిలేయండి" అంటివి. గా మాటే దొరికిందా నీకు? నవ్వకు. నాకేం భయం? ఈ పెంటయ్య ఒక్కపారి ఊదిండంటే నీ మిషన్ ఎగిరి సంగారెడ్డి చౌరస్తల పడ్తది. ఇస్నాపూర్ల ఎవరినన్న అడుగు, నా దమ్మెంతో చెప్తరు. ముప్పై ఏండ్లు మందుల కంపెనీల చేసిన, ఒక్కనాడు దగ్గలె. ఇదా? ఇది దగ్గు కాదు, గొంతుల ఏదో అడ్డం పడ్డది. నీ కాగితం మీద ఏం రాసున్నది, ఎక్స్‌పైరా? గాలి బయటికి పంపుడును ఎక్స్‌పైర్ అంటరా? బాగున్నది మీ దవాఖానోళ్ల కథ. గోలీల పత్తా మీద ఎక్స్‌పైరీ అంటే తారీకు. పెద్దరాములన్నకు రాసిచ్చిన చీటీ మీద ఎక్స్‌పైర్ అంటే మనిషి. నీ మిషన్ల ఎక్స్‌పైర్ అంటే గాలి. ఒక్క మాటను ఎన్ని తీర్ల వాడ్తరయ్యా!

రాములన్న ఎవరా? మెల్లగ మాట్లాడు. అగో, లైన్ల మూడో కుర్చీల కూసున్నది సూడు, తెల్లచీర ముసలమ్మ, బీరమ్మ వదినె. ఆమె పెనిమిటి. నువ్వు పుట్టకముందు మనిషి. నేనూ ఆయనా ఒకటే షిఫ్టు, ఒకటే రియాక్టరు. మనిషి తాటిమొద్దు లెక్క ఉండె. నన్ను మాత్రం "పెంటిగా" అనేటోడు, మీసాలొచ్చినంక గూడ పెంటిగా నే. ఎండకాలం, పొద్దుగాల పదయితుండొచ్చు. పైపు జాయింటు కాడ గ్యాస్కెట్ పలిగింది. బుస్సుమని పసుపుపచ్చ పొగ. బిహార్ పోరలు "గ్యాస్ గ్యాస్, భాగో!" అని ఒకటే ఉరుకుడు. నేను ఉరికిన్నా? ఉరకలె. ఒక్క చేత్తోని వాల్వు బంద్ చేసిన, ఇంకో చేత్తోని రాములన్నను భుజాన ఏసుకున్న, మెయిన్ రోడ్డు దాక ఆగకుంట నడిచిన. ఏందట్ల సూస్తవు? సరే, వాల్వు ఆయనే తిప్పిండు. మోసింది మాత్రం నేనే. సరే తియ్యి, నలుగురం మోసినం, నేను తల దిక్కుంటి.

దవాఖానల మంచం మీద ఏసిండ్రు. నీ అసొంటి గోదావరి దిక్కు సిస్టరు, వీరలక్ష్మి అని, మాస్కు పెట్టింది, సూది ఏసింది. మంచి మనిషి. రాములన్న గాలి గుంజుకుంటున్నడు, గుంజుకుంటున్నడు, బయటికి వస్తలేదు. ఎదురురొమ్ము బుడగ తీర్గ ఉబ్బింది, పెదవులు నేరేడుపండ్ల రంగు. ఆ సిస్టరు వంగి ఆయన చెవుల మొత్తుకుంటున్నది, "ఊపిరి వదలండి, లోపల పట్టెయ్యకండి, వదిలెయ్యండి రాములు గారూ, వదిలెయ్యండి!" గప్పుడే బీరమ్మ వదినె ఉరికొచ్చింది. చేతికి పిండి అట్లనే ఉన్నది. వాకిట్ల నిలబడి ఆ మాట ఇన్నది. మా దిక్కు ఊపిరి ఇడిసిండు అంటే ఏంది బిడ్డా? పోయిండని గద! "ఏమన్నవే? నా మొగన్ని ఊపిరి ఇడువుమంటవా? నీ నోట్ల మన్నువడ! ఈడికి తెచ్చింది బతికిస్తరని తెచ్చినమా, సంపుతరని తెచ్చినమా?" అని ఆ పిల్ల జబ్బ వట్టి ఇవతలికి గుంజింది. "అది కాదమ్మా, నేను చెప్పేది వినండి" అని ఆ పిల్ల ఏడుపు మొకం పెట్టింది. వినేదెవరు? వదినె మంచం మీదికి ఒరిగి, "ఇడువకయ్యో! గట్టిగ పట్టుకో! నా మీద ఒట్టు, ఇడిసినవంటే!" అన్నది. రాములన్న జన్మల పెండ్లాం మాట తీసెయ్యలె. పండ్లు బిగబట్టి పట్టుకున్నడు. మెడ నరాలు తాళ్లయినయి, కండ్లు మిడిగుడ్లయినయి. సిస్టరేమో వదులు అంటది, వదినేమో పట్టుకో అంటది, నడుమ మనిషి మా కండ్ల ముంగటనే నల్లవడుతున్నడు.

అప్పుడు, బిడ్డా, పులి లెక్క దుంకిన నేను. "వదినే, ఇడుసుడు కాదు, ఊదుడు! పొయ్యి ఊదినట్టు!" అని ఒక్క కేక పెట్టిన. దవాఖాన అద్దాలు గడగడలాడినయి. కేక పెట్టింది... ఆఁ, నేనే. నేను కాకపోతే ఆ సిస్టరు పెట్టి ఉంటది. పెదవులు సున్న తీర్గ పెట్టి ఊది సూపెట్టింది ఆ పిల్ల, వదినెకు అప్పుడు ఎలిగింది. "ఓసి, పొయ్యి ఊదుమనరాదే ముందుగాల!" అని పిడికిలి గొట్టం లెక్క చేసి ఆయన నోటికి ఆనిచ్చి, "ఊదయ్యా, కట్టెలు పచ్చిగున్నయి, అంటుకుంటలేవు, ఊదు" అన్నది. ఊదిండు. ఫూ... అని సన్నగ. ఇంకోపారి. నూరుపార్లు ఊదిచ్చింది. పెదవులకు రంగు దిగేసరికి మాపటేళయింది.

బతికిండు. పదకొండేండ్లు బతికిండు. మళ్ల కంపెనీ మొకం సూడలె. పది అడుగులేస్తే ఆయాసం. రోజు పొద్దుగాల వాళ్లింట్ల పొయ్యి ఊదుడు ఆయన పని. ఇనుప ఊదుగొట్టం పట్టుకొని, "పెంటిగా, ఊదుట్ల నౌకరి దొరికిందిరా నాకు" అని నవ్వేటోడు. దమ్ము వచ్చినప్పుడల్ల వదినె గొట్టం చేతికిచ్చేది, ఊదు అనేది, ఊదేటోడు, తగ్గేది. ఇడువుమన్న మాట ఆ ఇంట్ల బంద్. ఇరుగుపొరుగోళ్లు గూడ ఆమె ముంగట ఆ మాట అనకపోదురు. పైకం ఇడువు, బర్రెను ఇడువు అనేకాడ గూడ వేరే మాట వెతుక్కుందుము.

ఇగ చాలు. ఆమెకు ఇనవడుతదా ఆడికి? ఇనవడదు గద? ఇది ఎవరికి చెప్పలె. రాములన్న ఆఖరి దినం, వదినె జోగిపేట పోయింది, చెల్లె ఇంటికి. "పెంటయ్యా, జెర కనిపెట్టుకొని ఉండు" అన్నది నాతోని. పగటీలి అన్నం తిన్నంక పట్టుకున్నది ఆయాసం. ఎన్నడు లేనంత. గొట్టం కోసం ఇల్లంత దేవులాడిన. గ్యాసు పొయ్యి వచ్చి ఏడాదయింది, గొట్టం ఎక్కడ పెట్టిందో. పిడికిలి పెట్టాలె, ఊదు అనాలె. నాకు తెల్వదా? పదకొండేండ్లు సూసిన గద. కని నోటికొచ్చింది ఒక్కటే, ఆ సిస్టరు మాట. "ఇడువన్నా, ఊపిరి ఇడువు" అన్న. ఆయన నా దిక్కు సూసిండు. ఆ సూపు... నవ్విండనే అనుకుంట. "ఇడువుమంటవారా పెంటిగా" అన్నట్టు సూసి, ఇడిసిండు. మెత్తగ. ఇగ మళ్ల తీస్కోలె. నేను వచ్చేసరికే అయిపోయిందని వదినెతోని చెప్పిన. అప్పటి సంది అదే చెప్తున్న. భుజాన మోసిన్నా నేను? అంత అబద్ధం. గ్యాసు లీకయిన్నాడు నన్ను బయటికి నూకి తలుపు ఏసుకున్నది ఆయన. పోయి వాల్వు తిప్పింది ఆయన. నేను బయట నిలబడి కండ్లు నలుసుకుంటుంటి.

అగో, వదినె ఇటే సూస్తున్నది. ఎంతసేపాయెనో సూడవట్టి. ఇన్నదా ఏంది? ఏమంటున్నది? చెయ్యి లేపింది... పిడికిలి నోటికి పెట్టుకొని...

క్లిప్పు పెట్టు బిడ్డా. ఆఁ, గట్లనే. ఇగ ఊదు తాతా అను.