గోడను నిలవెట్టే లెన్సు

హలో… ఆ, నేనే అన్నా, మార్కండేయుల్ని… ఆఁ, వరంగల్ నుంచే. ట్రంక్ కాల్ బుక్ చేసి పొద్దటి సంది ఈ పోస్టాఫీసుల కూసున్న. ఇప్పటికి దొరికినవు.

…లెన్సు మంచిగున్నదన్నా. లే లే, గీత గూడ పడలే. బస్సుల పంపినవు గదా, కండక్టరు ఒళ్లె పెట్టుకోని తెచ్చిండు, పసిపిల్లను తెచ్చినట్టు… ఆఁ, సోమారం మీ ఆఫీసు బీరువాల ఉంటది. నీ నౌకరీకి ఏం గాదు, ఫికర్ వెట్టుకోకు.

ఫోటోలా?… వచ్చినయ్.

…మంచిగనే వచ్చినయ్. అబ్బ, ఏం లెన్సన్నా అది! పెండ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు తీసుకుంట బతికిన గాని, గసొంటిది ఎన్నడు చేతుల పట్టలే. కొత్తవాడల మా బావ గల్లీ నువ్వు చూసినవు గదా, ఇద్దరు ఎదురువడితే ఒకలు గోడకు అతుక్కోవాలె. గా గల్లీల నిలవడి తీస్తె ఇల్లు మొదలుకెల్లి పైకప్పు దాక ఒక్కపారే వచ్చింది. కెమెరా ఎత్తుడు లేదు, వంచుడు లేదు. సక్కగ నిలవెట్టి పక్కన మర తిప్పుతె లెన్సే పైకి జరుగుతాంది… ఆఁ ఆఁ, నీకు చెప్తాన చూడు, తాతకు దగ్గులు నేర్పినట్టు.

…కోర్టు రేపే. వకీలు పొద్దుగాల్నే ఫోటో తెమ్మన్నడు.

…చెప్తానన్నా. గది చెప్పుదామనే ఫోన్ చేసిన.

మున్సిపాలిటోల్లు నోటీసుకు అంటించిన ఫోటో నీకు పంపిన గదా… ఆఁ, "ఇల్లు గల్లీ మీదికి ఒరిగింది, కూలగొట్టాలె" అని. ఎవలో గల్లీల నిలవడి కెమెరాను మొగులుకు ఎత్తి కొట్టిండు. ఎత్తి కొడితే ఏదైనా ఒరిగినట్టే పడ్తది. అండ్ల ఎదురింటి గోడ గూడ ఒరిగింది, కరెంటు స్తంభం గూడ ఒరిగింది. నేనేమన్న? "బావా, తప్పు గోడది గాదు, కెమెరాది" అన్న. గింత ఛాతి చేసుకోని అన్న. "హైదరాబాదుల సారంగపాణన్న కాడ ఒక లెన్సున్నది, గుళ్లు గోపురాలు దాంతోనే తీస్తడు. అది తెప్పిస్త, జడ్జి ముంగట నీ గోడను నిలవెడ్త" అన్న. మా అనసూర్యక్క ఎంత సంబురపడ్డదో! నోటీసొచ్చిన కాడి నుంచి మగ్గం ముట్టలే. ఆ రోజు పోయి మగ్గం గుంతల కూసున్నది, సగంల ఇడిచిన జంపఖాన నేసుడు మొదలువెట్టింది.

…వచ్చిందన్నా. స్తంభం సక్కగొచ్చింది. ఎదురిల్లు సక్కగొచ్చింది. కిటికీలు, తలుపులు, అన్ని గీత గీసినట్టు.

…మా బావ గోడ ఒరిగే ఉన్నది.

హలో… ఉన్నవా?

…లే, కెమెరా లెవెల్‌లనే ఉండె. నువ్వు చెప్పినట్టె రసమట్టం పెట్టి చూసిన. బుడగ నడుమల్నే ఉండె.

…మల్ల తీసిన. ఇటు నుంచి తీసిన, అటు నుంచి తీసిన. రీలంత గోడే.

…ఆఁ, అది గూడ చేసిన. పొద్దుగాల ఎవలు లేవకముందు తాడుకు రాయి గట్టి పైకప్పు మీంచి ఇడిచిన. పైన గోడకు ఆనుకోనున్నది, కింద జానెడు ఎడం వచ్చింది.

…ముందుగాల్నే ఎందుకు చెయ్యలే అంటవా? ఏం చెప్పాలె… దినాం చూసే గోడ, వంకర ఎట్ల కనవడ్తది? అదీగాక నేను ఫోటోగ్రాఫర్ను గదా! రాళ్లు, తాళ్లు మేస్త్రీలకు గాని నాకెందుకనుకున్న.

ఎందుకు ఒరిగిందో గూడ ఫోటోల్నే ఉన్నది. గోడ మొదలు గూడ ఫోటోల వచ్చింది గదా, అంత నల్లగ చెమ్మ… వాన నీళ్లు గావు. రంగు నీళ్లు. నూలు అద్దినంక గాబుల మిగిలిన నీళ్లు యాడ పారవోస్తరు? గోడ అడుగున్నే. బావోల్ల నాయిన పోసిండు, బావ పోసిండు, మా అక్క పోస్తాంది. సోడా కలిసిన నీళ్లు, మట్టి గోడ. ఎన్నేండ్లు ఓర్సుకుంటది?… నిజమే, అన్నం వెట్టిన పనే ఇంటిని తిన్నది.

…ఏందీ?

…కెమెరాను జర పక్కకు వంచి…

చేసిన అన్నా. నువ్వు చెప్పకముందే చేసిన. కెమెరాను రవ్వంత వంచిన. కాగితం మీద స్తంభం, ఎదురిల్లు లేకుంట కోసిన. గోడ నిలవడ్డది. ఏం నిలవడ్డదన్నా, కోటగోడ లెక్క! జడ్జి గాదు, ఆయన తాత దిగొచ్చినా పట్టుకోడు.

…రెండూ సంచిల ఉన్నయ్. ఒకటిస్తె ఇల్లు మిగుల్తది. ఇంకోటిస్తె మనుషులు మిగుల్తరు. ఏదియ్యాలె చెప్పు.

…హలో? ఆపరేటరమ్మా, కట్ చెయ్యకు తల్లీ, ఇంకో కాల్ కింద రాసుకో… ఆఁ, చెప్పన్నా.

…కిరాయికా? కిరాయింట్ల మగ్గం గుంతలు ఎవడు తవ్వనిస్తడు? మంచాలా అవి, నెత్తిన వెట్టుకోని పోను? మగ్గం పోతె ఇద్దరు కూలికి పోవాలె. బావ గుంతల కూసోని కూసోని నిలవడితె మోకాళ్లు వణుకుతయ్. ఆయనకు కూలి ఎవలిస్తరు?… చుట్టాలంటె నేనే. నా స్టూడియోల ఇద్దరు నిలవడితె మూడో మనిషి బయట ఉండాలె.

మొగులు గూడ వట్టింది. దుఃఖమొస్తాందన్నా. నీ లెన్సు రాకుంటెనే బాగుండు… లే, నిన్నంటలేను. అది అబద్ధమాడలే. గదే నా బాధ. అది రాకముందు మాకు "కెమెరా తప్పు" అని చెప్పుకునేటందుకన్న ఉండె.

…బావనా? ఈడ్నే ఉన్నడు. బయట బెంచీ మీద కూసున్నడు, తలుపు అద్దంలకెల్లి నన్నే చూస్తాండు. నవ్వుతాండు గూడ… ఇంకా చెప్పలే. ఫోటో అడిగితె ఆరుతాందన్న. నిన్నటి సంది ఆరుతాంది.

అన్నా, నువ్వు చెప్పరాదు? హైదరాబాదు మనిషివి, నీ మాట ఇంటడు… జర చెప్పన్నా, పుణ్యముంటది. "బుచ్చిరాములూ, గోడ నిజంగనే ఒరిగింది" అను, గంతే. ఉండు, పిలుస్త.

బావా! ఇటు రా… సారంగపాణన్న నీతోని మాట్లాడ్తడట, పట్టు… ఎందుకా? గోడ సంగతి బావా, జర ఇను…

…ఏందీ?

…ఎప్పటి సంది?

హలో, అన్నా… బావకు ఎరికేనట. నోటీసు రాకముందు నుంచే ఎరికేనట. పోయిన వానకాలం అటక ఎక్కితె దూలం గోడల నుంచి జారి కనవడ్డదట. అక్క సంతకు పోయినప్పుడు సందుల చెక్క కొట్టి, పైకెల్లి సున్నమేసిండట.

…అడుగుతాన, అడుగుతాన. మరి నేను లెన్సు, లెన్సు అని ఎగురుతాంటె ఎందుకు ఊకున్నవు బావా?

…"నిలవెడ్త అన్నవు గదా బామ్మర్దీ" అంటాండన్నా. నేనెంత మొనగాన్నో చూద్దామని ఊకున్నడట. నవ్వుకుంటనే చెప్తాండు… ఈ ఒక్క వానకాలం ఆగుతదట గోడ. ఆయనకు గోడే చెప్పింది గావచ్చు.

…లే, ఫోన్ ముట్టడట. సంచి అడుగుతాండు.

బావా, ఆగు… అది గాదు, కిందిది… బావా!

…గోడ సక్కగ నిలవడ్డదే తీసుకున్నడన్నా. ఎట్ల గుర్తువట్టిండో. అంగి లోపట వెట్టుకుంటాండు… నేనేం చెయ్యాలె? గుంజుకోవాల్నా? మా అక్క మొగడన్నా ఆయన… హలో… హలో? ఆపరేటరమ్మా?…

పోయింది లైను.

ఇటియ్యి బావా అది. మర్యాదగ ఇటియ్యి… సరే, పట్టుకపో. అక్కకన్న చెప్పు. ఆమె ఆ గోడకే చాప ఆనిచ్చి పంటది, ఆమెకు ఎరుక కావాలె గదా…

…చెప్పొద్దా?

…

సరె. నడువు.