జగన్నాధం కోసిన చెవి

ఏటన్నావే ఫిన్నీ? చిప్పా? కుక్కపిల్లకి చిప్పేటే? ఇలాగ దగ్గిరికొచ్చి కూకోని సెప్పు, ఆ ఫేను గోలకి నాకేటీ ఇనిపించదు. ఓహో. ఇశాపట్నంలో డాక్టరు మెడ ఎనకాల సూదితో బియ్యపు గింజంతది ఎక్కించెస్తాడు, మిసను పెడితే నంబరొస్తాది, ఆ నంబరు కొడితే కుక్క ఎవులిదో, ఏ మందులు ఏయించేరో అన్నీ వొచ్చెస్తాయి. అదేనా? బాగుంది, ఏయించు. మీ నాన్న దండగ అంటే నా దగ్గిరికి పంపు, ఆడ్ని కన్నదాన్ని, నాను సెప్తాను. ఈ ఇంట్లో దండగ అన్న మాట కుక్క కాడ ఎవులూ అనకూడదు. ఎందుకంటావేటి? నీ పిక్క మీద ఆ మచ్చ ఎలాగొచ్చిందనీసి మీయమ్మ సెప్పింది? సైకిలు మీంచి పడ్డావనా? మీయమ్మ రూబీ ఎప్పుడూ అంతే, బాధ పెట్టీ మాటైతే మూత పెట్టెస్తాది. సైకిలు కాదే, కుక్క. ఇప్పుడు పదో క్లాసుకొచ్చేవు, తెలిస్తే తప్పేటి. నీకప్పుడు ఇంకా బడి కూడా నేదు.

మన మిషను కాంపౌండు గోడకి అవతల, ఇప్పుడు సిమెంటు కొట్టున్నాది సూడు, అక్కడ మేకల సాల ఉండీది. జగన్నాధం అనీసి, ఆడిది. పెల్లాం ముందే పోయింది, పిల్లల్నేరు, మేకలే ఆడికి పిల్లలు. మొండోడు. ఓలమ్మ, అలాంటి మొండోడ్ని నాను మరి సూడనేదు. ఎవులైనా ఏదైనా సెప్తే తల ఊపీసి, ఆడు అనుకున్నదే సేసీవోడు. నన్ను మాత్రం అక్కననుకోని లీలప్పా, లీలప్పా అనీసి పిలిసీవోడు. హాస్టల్లో వొండీదాన్ని కదా, కూరగాయల తొక్కలూ, గంజీ ఆడి మేకలకి ఉంచీదాన్ని. నువ్వు పుట్టిన కొత్తల్లో మీయమ్మకి జొరమొచ్చి పాలు నేకపోతే, రోజూ పొద్దున్నే గోడ మీంచి చెంబు అందించినోడు ఆడే. ఆడి మేకలన్నిటికీ ఎడం సెవి సివర మూడు మూలల ముక్క కోసీవోడు. ఆల తాత కాడ్నుంచీ ఆ ఇంటి గుర్తు అదే. బొబ్బిలి సంతలో ఎవుడి మందలో కలిసిపోయినా సెవి పట్టుకోని తన మేకని లాగ్గెచ్చుకునీవోడు. మేకల కాపలాకి ఒక కుక్క ఉండీది. ఎర్రగా ఉంటాదని ఎర్రోడు అనీవోడు దాన్ని.

సరే, ఆ ఏడు ఊల్లో కుక్కలు ఎక్కువైపోయేయి. మున్సిపాలిటీ ఆటో మైకు పెట్టుకోని తిరిగింది. పెంపుడు కుక్కలున్నోలు ఆపీసుకొచ్చి, దానికి పిచ్చికుక్క మందు ఏయించి, లైసెన్సు తీసుకోని, మెడకి బిళ్ళ కట్టుకోవాల. బిళ్ళ నేకపోతే కుక్కల్ని పట్టీ వేనులో ఎక్కించెస్తాం. అదీ మైకులో సెప్పింది. నాను గోడ మీంచి సెప్పేను, ఒరే జగన్నాధం, ఎల్లి బిళ్ళ తెచ్చుకోరా, నేకపోతే నీ ఎర్రోడు పోతాడు అనీసి. ఆడేటన్నాడు? బిళ్ళ ముళ్ళకంపల్లో తెగి పడిపోతాదప్పా, సెవి పడిపోదు కదా అన్నాడు. మందు మాట ఇననే ఇననేదు. ఆడికి లైసెన్సంటే ఎవుడి కుక్కో తెలియడం, అంతే. మర్నాడే కూకోని మేకలకి కోసినట్టే కుక్కకీ ఎడం సెవి సివర కోసీసేడు. ఆ ఏలకి నాను హాస్టల్లో ఉన్నాను, ఎవులూ సూడనేదు.

ఇక్కడే ఉన్నాది అసలు సంగతి. మున్సిపాలిటోలు ఈది కుక్కల్ని పట్టుకెల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను సేసి, పిచ్చికుక్క మందు కూడా పొడిసి వొదిలెస్తారు కదా. వొదిలీముందు గుర్తుకి సెవి సివర కోస్తారు. ఎడం సెవే. ఆ మూడు మూలల ముక్కే. సెవి తెగిన కుక్కని సూసి భయపడకండి, దానికి మందు పడిపోయింది అనీసి అదీ మైకులోనే సెప్పేరు. వేను మన ఈదిలోకొచ్చింది, ఎర్రోడ్ని పట్టుకున్నారు, సెవి సూసి వొదిలీసేరు. జగన్నాధం మురిసిపోయి గోడ కాడికొచ్చి, సూసేవా అప్పా, మా ఇంటి గుర్తు మున్సిపాలిటోలకి కూడా తెలుసు అన్నాడు. నానేటనుకున్నాను? వేనోలు ఎప్పుడో పట్టుకెల్లి ఆపరేషను సేసీసేరు, ఈడికి తెలీక వాగుతున్నాడు అనుకున్నాను. ఈదంతా అలాగే అనుకున్నాది.

ఒక శనారం నువ్వు గేటు కాడ ఆడుకుంటన్నావు. రోజూ నీ సేతిలో రొట్టె తినీ ఎర్రోడే, వొచ్చి పిక్క పట్టీసింది. మొరగనేదు, గుర్రుమననేదు, పట్టుకొని ఇదిలించీసింది. నాను సీపురు పట్టుకోని పరిగెట్టేను. సబ్బెట్టి కడిగేం, ఈది సివర డాక్టరు కాడికి ఎత్తుకెల్లేం. ఏ కుక్కన్నాడు. ఫలానా అన్నాం. ఓ, ఆ సెవి తెగిన కుక్కా, దానికి మందు పడింది, ఏటీ కాదు అనీసి, టిటి సూది పొడిసి పంపించీసేడు. అందరం కుదుటపడ్డాం. సాయంత్రం జగన్నాధం వొచ్చి గేటు బయటే నిలబడ్డాడు. మీయమ్మ తిట్టవలిసినవన్నీ తిట్టింది. ఆడు తల దించుకోని పడ్డాడు. ఆకర్న మీయమ్మే, సెవి తెగిన కుక్క కాబట్టి బతికిపోయేం, మందు పడింది కాబట్టి సరిపోయింది అన్నాది. అప్పుడు తలెత్తేడు. సెవికీ మందుకీ ఏటమ్మా అనడిగేడు. మీయమ్మ ఇసుక్కోని సెప్పింది. ఆడి మొకం ఎలాగైపోయిందో నాను సూసేను. గిరుక్కున తిరిగి ఎల్లిపోయేడు. తిట్లకి బాధపడ్డాడు అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. గుడిలో శాంతికుమార్ పాస్టరుగారు వాక్యం సెప్తన్నారు. గుమ్మం కాడ ఎవులో నిలబడ్డారు. తలపాగా తీసి సంకలో పెట్టుకున్నాడు, కళ్ళు సింతనిప్పుల్లాగున్నాయి, జగన్నాధం. ఎప్పుడూ మన గుడి మెట్టెక్కనోడు. ఎవులి మొకమూ సూడకుండా మగోళ్ల వరసకీ ఆడోళ్ల వరసకీ నడుమ నడుసుకుంటొచ్చి నా ముందు నిలబడ్డాడు. పాస్టరుగారు ఆపీసేరు.

"అప్పా, ఆ సెవి నానే కోసేను. మున్సిపాలిటోలు కాదు. దానికి ఏ మందూ పడనేదు. పొద్దున్నించీ దవడ ఏలబడిపోయి సొంగ కారుస్తంది. గుంటని బేగి ఆసుపత్రికి తీసుకెల్లండి."

మీయమ్మ నిన్ను గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది. మీ నాన్న ఆడి సొక్కా పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. ఆడు కొట్టించుకోడానికే వొచ్చినట్టు నిలబడ్డాడు. పాస్టరుగారే మద్దిలోకొచ్చి, ఏసురాజూ, కొట్టడానికి తరవాత టయిముంటాది, ముందు కారెక్కు అన్నారు. ఇజీనారం పెద్దాసుపత్రికి ఎల్లేం. పిక్క మీద ఆ పుండు సుట్టూ సూదులు పొడిసేరు. నువ్వు పెట్టిన కేకలు ఇప్పటికీ నా సెవుల్లో ఉన్నాయి. డాక్టరమ్మ ధైర్యం సెప్పింది గానీ, నిన్ననే తేవాల్సిందమ్మా అని కూడా అన్నాది. ఆ ఒక్క మాటతో ఆ నెల్లాళ్లూ మేం సచ్చి బతికేం. ఆ రోగం అందుకుంటే మంచినీళ్లు మింగలేరంట. అందుకనీసి నువ్వు గ్లాసెత్తితే సాలు, మీయమ్మ ఊపిరి బిగబట్టీది. నువ్వు గడగడా తాగీసి మూతి తుడుసుకుంటే అప్పుడు ఒదిలీది.

ఆ కుక్కా? ఈది కుర్రోలందరూ కర్రలట్టుకొచ్చేరు కొట్టి సంపెస్తామని. జగన్నాధం సాల గుమ్మంలో అడ్డంగా కూకున్నాడు. కట్టీసేను, అదే పోతాది, పోనీండి అన్నాడు. రెండ్రోజుల్లో పోయింది. ఆడే గొయ్యి తీసి పాతేడు. అప్పుడు సూసేను ఆడి మణికట్టుకి గుడ్డ కట్టున్నాది. ఏట్రా అది అంటే, కడతంటే నోటితో పట్టుకుందప్పా, అది కరవడం కాదు, నాను పెంచినోడు నన్ను కరుస్తాడేటి అన్నాడు. ఒరే ఎదవా, నువ్వూ ఎల్లి సూదులేయించుకోరా అనీసి నాను అరిసేను. పాస్టరుగారు కారు పెడతానన్నారు. రేపెల్తాను, మేకల్ని ఎవులికైనా ఒప్పసెప్పాల అన్నాడు. మర్నాడు అడిగితే ఎల్లొచ్చేను అన్నాడు. అబద్దం. నీకోసం అంత మందిలో తప్పు ఒప్పుకున్నోడు, తనకోసం ఒక్క బస్సెక్కనేదు. నాకిప్పటికీ ఆడంటే కోపమేనే. ఎదురుగా ఉంటే సెంప మీద ఒకటి కొడుదును.

నీ సూదులన్నీ అయిపోయేక కొన్నాళ్లకి, మద్దేనం పూట వొచ్చేడు. నువ్వు ఈ అరుగు మీదే ఆడుకుంటన్నావు. గుంటకి బాగుందా అప్పా, అన్ని సూదులూ పూర్తయిపోయేయా అనడిగేడు. అయిపోయేయిరా, డాక్టరమ్మ భయం నేదన్నాది అన్నాను. మొకం ఇంత సేసుకోని నవ్వేడు. ఎండనపడొచ్చేడు కదా అని చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చేను. పుచ్చుకున్నాడు. నోటి కాడికి ఎత్తేడు. గొంతు ఒక్కసారి ఎగిరి పడింది. నీళ్లన్నీ సొక్కా మీద ఒలికిపోయేయి. మల్లీ ఎత్తబోయేడు, సెయ్యి రానేదు. ఆడు నన్ను సూసేడు, నాను ఆడ్ని సూసేను. చెంబు సప్పుడవకుండా కింద పెట్టి, అరుగు దిగి ఎనక్కి ఎనక్కి గేటు దాకా ఎల్లిపోయేడు.

"గుంటని లోపలికి తీసుకెల్లప్పా. తలుపేసీ."

ఏసీసేనే. నిన్ను సంకనేసుకోని ఏసీసేను. నీకోసం అంత ఇదయినోడి మొకం మీదే.

సర్లే, లెగు. మీయమ్మొచ్చే ఏలయింది, ఆ గిన్నెలు కడిగీ.