ఆ మాటకి అర్థం

ఆడపిల్లలకు ఖురాన్ నేర్పే పిన్ని ఇంటికి ఆమె మొగుడికి చెప్పకుండా వచ్చింది. కూర్చుందన్నమాటే గానీ చూపంతా వాకిలి మీదే ఉంది.

“భార్య మాట వినకపోతే కొట్టమని గ్రంథంలోనే ఉందంటున్నారు పిన్నీ ఆయన. నిజమేనా?”

“అక్కడున్న అరబ్బీ మాటకి చాలామంది చెప్పే అర్థం అదేనమ్మా. దూరంగా ఉండమని అర్థం చెప్పినవాళ్ళూ ఉన్నారు. ప్రవక్త మాత్రం ఏ భార్య మీదా చెయ్యెత్తలేదు. ఏదీ, ఆ ముసుగు తియ్యి, చెంప చూడనీ.”

“వద్దులే. నేను ఇంటికి వెళ్ళకపోతే అల్లాకి కోపం రాదూ?”

“వస్తే కొట్టినవాడి మీద రావాలి గానీ, నీమీదెందుకొస్తుందే తల్లీ?”

ఇంతలో తలుపు దబదబా మోగింది.

“ఆయనే!”

“తియ్యనా, వద్దా? నువ్వే చెప్పు.”



“పైగడియ కూడా వెయ్యి పిన్నీ.”