ఆగితే తడబాటు

షెడ్డులో బానెట్ ఎత్తిన కారులోకి మెకానిక్ టార్చిలైటు వేసి చూస్తోంది. కారు తెచ్చిన లెక్కల మాస్టారు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కనే నిలబడ్డాడు.

“మళ్ళీ అదేనా మాస్టారూ?”

“అదేనండీ. పరిగెడుతున్నంతసేపూ బంగారం. సిగ్నల్ దగ్గర ఆగిందా, ఒకటే వణుకు, తడబాటు. నా గుండె దడదడలాడిపోతుంది.”

“గుండెకి కూడానా?”

“అది మీ షెడ్డు ముందు ఆగినప్పుడేనండీ.”

“ఏంటీ?”

“ఇంజనండీ, ఇంజను!”

“ఇదిగో, గాలిపైపు ఊడింది. పక్కదారిన గాలి దూరితే ఆగినప్పుడు తడబడక ఏం చేస్తుంది? పోయిన వారం దీనికి కొత్త క్లిప్పు నేనే బిగించాను. అదేదీ?”

“గతుకుల్లో ఎక్కడో పడిపోయి ఉంటుందండీ.”

“ఎక్కడో ఏంటి, మీ చొక్కా జేబులోనే పడిందిగా. తళతళా మెరుస్తోంది.”

“చచ్చాను!”

“మా నాన్న మొన్ననే అన్నాడు, ‘ఈ రోగం బండిది కాదే అమ్మాయ్, బండి గలాయనది’ అని.”

“నాన్నగారిక్కూడా తెలిసిపోయిందా! ఒట్టండీ, నేను పీకింది రెండుసార్లే. మొట్టమొదటిసారి మాత్రం దానంతటదే ఊడింది. ఇక్కడ ఆయిల్ మార్పించుకెళ్ళిన మర్నాడే.”

“దానంతటదే ఎందుకూడుతుంది మాస్టారూ? ఆ రోజు ఆయిల్ మార్చిందెవరు?”

“మీరేగా.”

“బానెట్ మూసిందెవరు?”

“అదీ మీరే... ఆగండాగండి. మీరా!”

“లెక్కల మాస్టారై ఉండి, ఈ లెక్క తేలడానికి ఇన్నాళ్ళా?”