కడగని ఆఖరి రీలు

"యాదగిరి తాతా, ఓ తాతా, ఆఖరి రీలు సుత కడుగుతున్న. అమ్మమ్మ ఫోటో దీంట్లనే ఉంటది కదా?"

ఆగు స్వప్నా, జర ఆగు. ఆ రీలు కింద పెట్టి ఇట్ల కూసో. నేను చెప్పేది ఇను.

గీ అమీర్‌పేటల నా స్టూడియో నడిచినప్పుడు రీలుకు ముప్పై ఆరు ఫోటోలే, ఎరుకనా. తొంభై రూపాయలు... కాదు కాదు, అప్పటికే నూరు దాటింది. పెండ్లికి రెండు రీళ్లు మాట్లాడుకుంటే రెండే. వచ్చినోళ్లందరు నిలబడి మమ్మల్ని తియ్యి అంటరు, వద్దంటే అలుగుతరు. మా బామ్మర్ది సత్తయ్య ఉండె, వాడు నేర్పిండు. ఫ్లాష్ వెనక చిన్న బటన్ ఉంటది. అది నొక్కితే ఉత్త వెలుగే పడతది, రీలు జరగదు. వాళ్లు సంబరపడి అన్నానికి పోతరు. ఫోటోలోళ్లందరం చేసినం గా పని. నవ్వుకునేటోళ్లం సుత.

మీ అమ్మ పెండ్లి బల్కంపేటల అయింది. మీ అమ్మమ్మ ఎర్రగడ్డల కూరగాయలమ్మి చేసింది ఆ పెండ్లి. అయినా భర్త లేని మనిషని మంటపం ఎక్కనియ్యలే. మేనమామ, ఆయన పెండ్లాం కూసొని పెండ్లికొడుకు కాళ్లు కడిగిన్రు. అందుకే ఏ ఫోటోల లేదు ఆమె. వంటల కాడనే ఉన్నది.

అప్పగింతలకని నాలుగు ఫోటోలు మిగుల్చుకొని, చాయ్ కోసం నేను అటు పోయిన. మీ అమ్మమ్మ నన్ను చూసి చేతులు కడుక్కున్నది. కొంగుతోని మొకం తుడుచుకొని, వెంట్రుకలు నీళ్లతోని అద్దుకొని గోడకు నిలబడ్డది. "నన్నొక్కటి తియ్యి తమ్మీ, పుట్టినప్పటి సంది ఒక్క ఫోటో సుత దిగలే" అన్నది. వెలుగు పడంగనే కండ్లు మూసింది. "మంచిగొచ్చిందా" అని అడిగింది. "మస్తు వచ్చిందక్కా" అన్న.

మీ అమ్మమ్మ కాలం చేసినంక ఆ ఫోటో కోసం మీ అమ్మ వచ్చింది. అప్పుడన్న చెప్పాలె. "కడగని రీళ్లల్ల ఉన్నది బిడ్డా, చూస్త" అన్న. ఎన్నిసార్లు వచ్చిందో. పంజాగుట్టల బస్సు దిగి ఎండల నడుచుకుంట వచ్చేది. దుకాణం బందయినా కడగని రీళ్ల డబ్బా పారెయ్యలే, పారేస్తే మీ అమ్మకేం చెప్పాలె. ఇగ నువ్వేమో డేట్ అయిపోయిన రీళ్లు కడుగుడు నేర్చుకొని వస్తివి. నెల సంది ఒక్కొక్కటి కడిగి, పొగల నిలబడ్డట్టున్న మొకాలల్ల మీ అమ్మమ్మను దేవులాడుతున్నవు. నేను పక్కన కూసొని చాయ్ తాగుకుంట చూస్తున్న. సిగ్గు లేకుంట.

"తాతా, అమ్మ ఫోన్. ఫోటో వచ్చిందా అని అడుగుతుంది."

ఇటియ్యి. నీతోని కాదు, నేనే చెప్పాలె.

సుజాతా, నేను యాదగిరి మామను. ఆ ఫోటో ఏ రీలుల లేదు బిడ్డా. ఆ దినం మీ అమ్మ నా ముందర నిలబడ్డది గని, నేను ఫోటో తియ్యలే. ఉత్త వెలుగు కొట్టిన.