వదలనా అక్కా

సరుగుడు తోట దాటాక చింతచెట్టు కింద నుయ్యి ఉంది చూశారూ, చుట్టూ ముళ్ళకంప కొట్టి ఉంటది, అదే, ఆదెమ్మోళ్ళ నుయ్యి. ఆ కంప ఎవరేయించారో తెలుసా మీకు? నేనే. మేకలు పడిపోతాయని వేయించానని మీ నాన్నలు అనుకుంటన్నారు, అనుకోనియ్యండి. ఒరేయ్ సూరిగా, ఆ కాళ్ళు ఆడించడం మానితే చెప్తాను, లేదంటే ఇంటికి పో.

ఇప్పుడంటే అటేపు ఎవరూ పోరు గానీ, మా రోజుల్లో మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు కడుక్కుని ఆడోళ్ళమంతా ఆ నూతి గట్టుమీదే చేరేవోళ్ళం, లేసు అల్లుకోడానికి. సముద్రం గాలి, చింత నీడ, చేతిలో కొక్కెం సూది, నోట్లో ఊరందరి సంగతులూ. ఆదెమ్మకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది వీరవేణి, దాని అల్లిక చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది. చిన్నది కాసులు, దానికి అల్లిక రాదు, రానేరాదు, సూదిస్తే ఓసారి నా వేలికే గుచ్చింది, అందుకని దాని పనేంటంటే దారపుండ ఒళ్ళో పెట్టుకుని అక్కకి దారం అందియ్యడం. దారం బిగిస్తే అల్లిక ముడుచుకుపోద్ది, ఎక్కువ వదిలితే చిక్కుపడిపోద్ది కదా, అందుకని అది ఉండుండి 'వదలనా అక్కా' అనేది, ఇది తలెత్తకుండా 'వదులు' అనేది. వదలనా, వదులు, వదలనా, వదులు, రోజల్లా ఇదే రామాయణం. మాకు చిరాకేసి మీ నోళ్ళు పడిపోనూ అని తిట్టేవోళ్ళం.

తర్వాత వీరవేణికి తణుకు అవతల మెరక ఊరు సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. తొలికాన్పుకి పుట్టింటికే రావాలి కదా, ఆ ఏడు వానలకి మన రోడ్డు తెగిపోయి, అక్కడే పురుడు పోసుకోనియ్యండి అన్నారు. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. ఇక్కడ ఈ కాసులుకి సంబరం ఆగలేదు, పసిదానికి నేనే టోపీ అల్లుతానంది. నీకొచ్చేంటే అల్లిక అంటే, వొచ్చేత్తది చూడండి అని, మేం నవ్వుతామని ఒక్కతే నూతి దగ్గరికెళ్ళి కూర్చుంది. ఏం చూస్తాం? దారపుండ జారి నూతిలో పడ్డట్టుంది, దానికోసం వంగినట్టుంది. కాసుల్ని పైకి తీసినప్పుడు దారం వేలికి చుట్టుకునే ఉంది.

బాలింతకి చెప్తే పాలు ఎండిపోతాయని దాచారు. నెలలు గడిచాక చెప్పారంట. ఆ అమ్మాయి ఏడవలేదంట, 'అలాగా' అని పిల్లని ఆ పక్కనించి ఈ పక్కకి మార్చుకుందంట. ఇంకొన్నాళ్ళకి పిల్లనెత్తుకుని పుట్టింటికొచ్చింది. మేం ఆడోళ్ళమంతా పట్టుకుని ఏడుద్దామని సిద్ధంగా వెళ్ళాం. రిక్షా దిగింది, మమ్మల్నందరినీ చూసింది, 'ఏం కూర వండావమ్మా' అని అడిగింది. ఇంకేం ఏడుస్తాం? కాసులు పడుకునే మంచంమీదే పడుకుంది, కాసులు గావంచాతోనే పిల్లని తుడిచింది, మొహంలో ఏమీ లేదు. ఒక్కసారి ఏడిస్తే బాగుణ్ణు వదినా అని ఆదెమ్మ నా దగ్గరకొచ్చి ఏడ్చేది.

ఓ మధ్యాహ్నం పిల్లని నిద్రపుచ్చి, సూదీ దారపుండా తీసుకుని ఆ నూతి దగ్గరికెళ్ళింది. పొద్దు వాలింది, రాలేదు. పిల్ల లేచి పాలకి గుక్కపట్టింది. ఆదెమ్మ దాన్ని భుజాన్నేసుకుని, నువ్వు కూడా రా వదినా నాకు భయమేస్తంది అంటే, ఇద్దరం వెళ్ళాం.

గట్టుమీద కూర్చుని అల్లుకుంటంది. దారపుండ ఒళ్ళో లేదు, పక్కనా లేదు, దారం నూతిలోకి దిగుంది. పాపం ఉండ పడిపోయిందేమో అనుకున్నాను. పడిపోయిన ఉండకి దారం ఎలా వేలాడతది, వదులుగా కదా? ఇది అలా లేదు. కావలసినంతే, కొంచెం కొంచెం పైకొస్తంది, తడితడిగా. ఆ అల్లిక చూద్దునా, గట్టు దిగి నేలమీద కుప్పపడుంది, ఒక్క ఉండలో అంత దారం ఎక్కడిదర్రా? అప్పుడు నూతిలోంచి, సన్నగా, 'వదలనా అక్కా' అని వినపడింది. ఇది తలెత్తకుండా 'వదులు' అంది.

ఆదెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చచ్చిపోయిన పిల్ల గొంతది, అది వినడానికి ఆ తల్లి ఏదడిగినా ఇచ్చేసేది, అయినా పెద్దదాన్ని లేవే అంది, పిల్లేడుస్తందే అంది. పిల్ల ఏడుపుకి పాలు చేపుకొచ్చి దాని రవిక తడిసిపోతంది గానీ చేతులాగట్లేదు. వస్తన్నానమ్మా, ఈ దారం అవగానే వస్తానంది. అప్పుడు చూశాను నేను, దాని కాళ్ళు రెండూ నూతి లోపలి వేపున్నాయి. ఎప్పుడు తిరిగిందో దానికే తెలీదు.

ఆదెమ్మ పిల్లని నా చేతిలో పెట్టి, ఓ చేత్తో వీరవేణి జబ్బ పట్టుకుని, ఉయ్యాల్లోకి వంగినట్టు నూతిలోకి వంగి, 'కాసులూ, అక్కకి పసిబిడ్డుందమ్మా, ఇంక వదిలెయ్యి' అంది. తర్వాత కిందనించి, 'మరి టోపీ?' అని వొచ్చింది. 'సరిపోయిందమ్మా, చాలు,' అంది ఆదెమ్మ, అని, ఆ దారం నోటికి తీసుకుని, మేం రోజూ కొరుక్కునేవోళ్ళం చూడండి, అలాగే పటుక్కున కొరికేసింది. తెగిన కొస గబుక్కున పడలేదర్రా. మెల్లిగా దిగింది, ఎవరో చుట్టుకుంటన్నట్టు.

వీరవేణి ఇటు తిరిగి, పిల్లని తీసుకుని పాలిచ్చింది. అప్పుడూ ఏడవలేదు. కొన్నాళ్ళుండి ఊరెళ్ళిపోయింది, మళ్ళీ సూది పట్టలేదని విన్నాను.

ఇంక నా కంప సంగతి. అది మేకలకీ కాదు, మీకూ కాదు, ఆదెమ్మకి. పెద్దది వెళ్ళిన మర్నాటినించీ రోజూ ఓ దారపుండ ఒళ్ళో పెట్టుకుని ఆ గట్టుమీద కూర్చునేది, ఒక్కసారి పిలుస్తదేమోనని. ఎండలో, వానలో. అది పిలవలేదు. ఎందుకు పిలుస్తది, వదిలెయ్యమన్నాక? కాసులు బతికున్నప్పుడూ అంతే, అమ్మ మాట జవదాటేది కాదు. చూడలేక నేనే మనుషుల్ని పెట్టి కంప కొట్టించాను, నన్ను తిట్టని తిట్టు లేదు ఆదెమ్మ, పోయేదాకా నాతో మాట్లాడలేదు.

అందుకని అటేపు వెళ్ళకండి. వినపడతదని కాదు, అక్కడేమీ వినపడదు. పైగా గట్టు గుల్లయిపోయింది, పడితే తియ్యడానికి నాకు ఓపిక లేదు. లేవండింక, అన్నాలకి పిలుస్తన్నారు.