బండ మీద ఎండ

తొంభై ఎనిమిదిలో, క్రిస్మస్ సెలవులకు కాకినాడ నుంచి మాదాపూర్‌లో అన్నయ్య ఇంటికి వచ్చిన ఆమె, పొద్దుటెండకు బండ మీద కూర్చుంది. రాళ్లు కొట్టే ముసలాయన ఎర్రగుడ్డ పట్టుకుని దూరంగానే ఆగిపోవడం ఆమెకు వింతగా తోచింది.

“దినాం ఈడనే కూసుంటవా, బిడ్డా?”

“నిన్న తప్ప రోజూనండి. వచ్చిన రోజు కాఫీ ధర వినే పారిపోదామనుకున్నాను. ఇప్పుడు ఈ వెచ్చటి రాయి, ఎదురుగా మెరిసే ఆ అద్దాల మేడ వదిలి వెళ్లబుద్ధి కావట్లేదు.”

“నిన్నెందుకు రాలే?”

“మీరు ఈ బండే పేలుస్తున్నారని అన్నయ్య ఆపేశాడు. కిటికీలు అదిరిపోయాయండీ!”

“చప్పుళ్లు ఎన్ని విన్నవు?”

“పది. వేళ్ల మీద లెక్కపెట్టాను.”

“నేను గూడ పదే విన్న.”

“మరింకేం?”

“మందు పదకొండు గుంతలల్ల దట్టిచ్చినం, బిడ్డా. ఉరకకు. మెల్లగ లేసి, వచ్చిన తొవ్వల్నే ఇటు రా.”